నులిపురుగులు ఉంటే మలేరియా రాదా? ఒంట్లో ఒక పరాన్నజీవి ఉండగా ఇంకోటి వస్తే ఏమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో చాలావరకు ల్యాబ్ కౌంటర్ దగ్గర రిపోర్ట్ చేతికొచ్చాక జనం అడిగేవి, మిగతావి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి. మందు రాయడం డాక్టర్ పని. ఇక్కడ ఉన్నది ఒంట్లో ఏం జరుగుతుందన్న సంగతి మాత్రమే.

ఒకే మనిషిలో రెండు మూడు రకాల పరాన్నజీవులు ఒకేసారి ఉంటాయా?

ఉంటాయి. నీళ్ళు, మట్టి, మురుగు ద్వారా వచ్చేవన్నీ ఒకే దారిలో వస్తాయి కాబట్టి ఒకటి దొరికిన చోట ఇంకోటి కూడా ఉండడం మామూలే. మన హైదరాబాద్‌లోనే చూడండి, మూసీ మురుగునీటితో గడ్డి, ఆకుకూరలు పండించే కుటుంబాల మీద చేసిన అధ్యయనం ఒకటి 2008లో అచ్చయింది. శుద్ధి చేయని నీళ్ళలో పనిచేసేవాళ్ళలో ఏలిక పాములు, కొంకి పురుగులు, కొరడా పురుగులు అనే నులిపురుగులు మూడూ ఎక్కువగానే కనిపించాయి. నల్లా పైపులో డ్రైనేజీ కలిసిన బస్తీలో జియార్డియా, అమీబా అనే కంటికి కనబడని పేగు క్రిములు జతగా రావడమూ అంతే. పరీక్షలో ఒకటి కనబడగానే ఇక వెతకడం ఆపేస్తే రెండోది మిగిలిపోతుంది, మందు వేసుకున్నా కడుపు బాగుపడలేదని నెల తర్వాత మళ్ళీ వస్తారు.

మొదట వచ్చింది రెండోదాన్ని ఆపుతుందా, దారి చూపిస్తుందా?

రెండూ జరుగుతాయి. ఏ జతకి ఏది జరుగుతుందో తెలియాలంటే రెండు విషయాలు చూడాలి.

మొదటిది తిండి. రెండు జీవులకీ ఒకటే సరుకు కావాల్సి వస్తే ముందు వచ్చింది రెండోదానికి కరువు తెస్తుంది. మలేరియా క్రిమి ఎర్ర రక్తకణాల్లో బతుకుతుంది, కొంకి పురుగు పేగుకి అతుక్కుని రక్తం తాగుతుంది. రక్తం తగ్గితే మలేరియా క్రిమికి చోటు తగ్గినట్టే. రెండోది మన రక్షణ వ్యవస్థ. కణంలో దూరే చిన్న క్రిములని (మలేరియా, టాక్సోప్లాస్మా, లీష్మేనియా) చంపడానికి ఒంట్లో ఒక పద్ధతి ఉంది, దాన్ని టీహెచ్1 అంటారు. పేగులో ఉండే పెద్ద పురుగులని బయటికి గెంటడానికి ఉన్న పద్ధతి వేరు, అది టీహెచ్2. ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు, ఐజీఈ అనే యాంటీబాడీ, పేగులో జిగురు పెరగడం, ఇవన్నీ ఈ రెండో పద్ధతి సరంజామా. ఒకటి బలంగా నడుస్తుంటే రెండోది అణిగి ఉంటుంది. నిమజ్జనం రోజు పోలీసులందరూ ట్యాంక్‌బండ్ బందోబస్తుకి పోతే కాలనీల్లో గస్తీ పలచబడుతుంది కదా, ఇంచుమించు అలా.

దీనికి తోడు పాత పురుగులకి ఇంకో తెలివి ఉంది. ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండాలి కాబట్టి అవి రక్షణ వ్యవస్థ వేడినే తగ్గిస్తాయి. ఐఎల్-10 లాంటి శాంతపరిచే రసాయనాలు, రక్షణ వ్యవస్థకి కళ్ళెం వేసే రెగ్యులేటరీ టీ కణాలు పెరిగేలా చేస్తాయి. ఆ చల్లదనం పురుగుకే కాదు, పక్కన ఉన్న ఇంకో క్రిమికి కూడా కలిసొస్తుంది.

ఎలుకల మీద జరిగిన చాలా ప్రయోగాలని ఒకచోట చేర్చి 2008లో లెక్క చూస్తే ఈ రెండు సూత్రాలూ నిలబడ్డాయి. రక్తహీనత తెచ్చే పురుగు ఉంటే రక్తకణాలు కావాల్సిన క్రిమి తగ్గింది, ఇన్‌ఫ్లమేషన్‌ని (రక్షణ వ్యవస్థ రేపే మంట, వాపుని) అణిచే పురుగు ఉంటే చిన్న క్రిమి పెరిగింది. ఒక్క మాటలో “మంచిదా చెడ్డదా” చెప్పమని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు, ఏ పురుగు, ఏ క్రిమి అని తిరిగి అడగడం తప్ప.

సరే, సూటిగా చెప్పండి. నులిపురుగులు ఉన్నవాళ్ళకి మలేరియా తక్కువ వస్తుందా?

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టాడు, బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. అప్పట్నుంచి ఇంత కాలం గడిచినా ఈ చిన్న ప్రశ్నకి ఒకే జవాబు లేదు. థాయ్‌లాండ్‌లో చూసినప్పుడు ఏలిక పాములు ఉన్నవాళ్ళలో మెదడుకి ఎక్కే ప్రమాదకరమైన మలేరియా తక్కువగా కనిపించింది, కానీ అదే దేశంలో పురుగులు ఉన్నవాళ్ళకి మలేరియా రావడమే ఎక్కువని కూడా తేలింది. ఆఫ్రికాలో కొన్నిచోట్ల కొంకి పురుగుతో మలేరియా పెరిగింది, కొన్నిచోట్ల తేడా లేదు.

ఇలా ఎందుకంటే, జబ్బు “రావడం” వేరు, వచ్చాక “ముదరడం” వేరు. మెదడు మలేరియాలో ప్రాణం తీసే వాటిలో క్రిమితో పాటు మన ఒంట్లో చెలరేగే ఇన్‌ఫ్లమేషన్ కూడా ఉంటుంది. పురుగు ఆ మంటని తగ్గిస్తే ఒకవైపు క్రిమి పెరగొచ్చు, ఇంకోవైపు రోగి బతకొచ్చు. పైగా ఇంకో చిక్కు ఉంది. పురుగులు ఉండే ఇల్లంటే సాధారణంగా మరుగుదొడ్డి సరిగా లేని ఇల్లు, దోమతెర లేని ఇల్లు, కాబట్టి రెండు జబ్బులూ పేదరికం వల్లే కలిసి కనిపిస్తున్నాయా, ఒకదానివల్ల ఒకటి వస్తున్నాయా అన్నది విడదీయడం కష్టం. భద్రాచలం ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లాడికి మలేరియా, కొంకి పురుగు రెండూ ఉంటే నష్టం మాత్రం స్పష్టం: రక్తం రెండు వైపుల నుంచి పోతుంది.

ఒక మలేరియా ఉండగా ఇంకో మలేరియా అంటుకుంటుందా?

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే, కాబట్టి జవాబు కాస్త పొడుగు.

దోమ కుట్టగానే మలేరియా క్రిమి నేరుగా రక్తకణాల్లోకి పోదు. ముందు కాలేయంలో చేరి, అక్కడ పెరిగి, తర్వాత రక్తంలోకి దిగుతుంది. కాలేయంలో పెరగడానికి దానికి ఇనుము కావాలి. ఇప్పుడు ఒంట్లో అప్పటికే ఒక మలేరియా రక్తంలో నడుస్తోందనుకోండి. రక్తంలో క్రిముల సంఖ్య ఒక మోతాదు దాటగానే ఒళ్ళు హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది. ఆ హార్మోన్ ఇనుముని కాలేయ కణాల నుంచి తప్పించి వేరేచోట, మాక్రోఫేజ్ అనే రక్షణ కణాల్లో దాస్తుంది. కొత్తగా కుట్టిన దోమ తెచ్చిన క్రిమికి కాలేయంలో ఇనుము దొరకదు, అక్కడే ఆగిపోతుంది. ఎలుకల్లో చూపించిన ఈ సంగతి 2011లో వెలువడింది. అంటే మొదట చేరినది ఒంటి చేతే తలుపు వేయించుకుని కూర్చుంటుంది. రోజూ దోమలు కుట్టే ఊళ్ళలో కూడా మనిషిలో క్రిములు అదుపు లేకుండా పోగుపడకపోవడానికి ఇదొక కారణం అయి ఉండొచ్చు.

ఇనుము మాట వచ్చింది కాబట్టి, జాంజిబార్ దగ్గరి పెంబా దీవిలో పిల్లలకి ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూసిన పెద్ద ట్రయల్ 2006లో బయటికొచ్చింది. మలేరియా తీవ్రంగా ఉన్న ఆ చోట ఐరన్ తీసుకున్న పిల్లల్లో ఆసుపత్రి పాలవడం, చనిపోవడం పెరిగాయి. అందుకే మలేరియా ప్రాంతాల్లో ఐరన్ ఇచ్చేటప్పుడు మలేరియా నివారణ, చికిత్స కూడా పక్కనే ఉండాలంటారు. దీన్ని చదివి హైదరాబాద్‌లో మీ అమ్మాయికి డాక్టర్ రాసిన ఐరన్ మాత్రలు ఆపేయకండి, ఆ పరిస్థితి ఇక్కడ లేదు.

ఇక మన దేశంలో ఎక్కువగా ఉండే రెండు మలేరియాలు, వైవాక్స్, ఫాల్సిపారం. ఫాల్సిపారంకి మందు వాడి తగ్గాక, కొన్ని వారాలకి వైవాక్స్ బయటపడడం జరుగుతుంటుంది. థాయ్‌లాండ్‌లో ఇలా సుమారు మూడోవంతు మందిలో కనిపించింది. కొత్త దోమ కుట్టిందనుకుంటాం కానీ చాలాసార్లు అది కాలేయంలో నిద్రపోతున్న పాత వైవాక్స్. వైవాక్స్‌కి లేత రక్తకణాలే కావాలి, జ్వరం తగ్గి ఒళ్ళు కొత్త రక్తం తయారుచేస్తున్న సమయం దానికి పండగ. నిద్రపోయే ఆ రూపాన్ని చంపడానికే వైవాక్స్‌కి క్లోరోక్విన్‌తో పాటు 14 రోజుల ప్రైమాక్విన్ రాస్తారు. దయచేసి నాలుగో రోజు జ్వరం లేదని ఆపకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకి, గర్భిణులకి ప్రైమాక్విన్ ప్రమాదం, ముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఒకసారి వచ్చిన పరాన్నజీవి మళ్ళీ అదే రకం రాకుండా కాపాడుతుందా?

కొన్నిటిలో కాపాడుతుంది, విచిత్రం ఏంటంటే పాతది ఒంట్లో ఉన్నంతకాలం మాత్రమే. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండే షిస్టోసోమా అనే రక్త పురుగులో దీన్ని బాగా చూశారు. ముదిరిన పురుగులు రక్తనాళాల్లో హాయిగా ఉంటాయి, కానీ కొత్తగా చర్మంలోంచి దూరే పిల్ల పురుగులని మాత్రం ఒళ్ళు చంపేస్తుంది. పెద్దవి మన ఒంటి అణువులనే పైన కప్పుకుని దొరక్కుండా ఉంటాయి, కొత్తవాటికి ఆ ముసుగు ఇంకా ఉండదు.

చర్మానికి వచ్చే లీష్మేనియాలో ఒక పుండు మానాక మళ్ళీ రావడం తక్కువ, దాన్ని ఆసరా చేసుకునే మధ్య ఆసియా, పశ్చిమాసియాల్లో ఒకప్పుడు బట్టల కింద కనబడని చోట కావాలనే పుండు అంటించుకునేవాళ్ళు. ముఖం మీద మచ్చ పడకూడదని.

గర్భిణిని. టాక్సోప్లాస్మా ఐజీజీ పాజిటివ్ వచ్చింది. ఇంట్లో పిల్లి ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.

ఐజీజీ (ఇన్‌ఫెక్షన్ తర్వాత ఏళ్ళపాటు మిగిలే యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్, ఐజీఎం (మొదట్లో వచ్చే యాంటీబాడీ) నెగటివ్ అయితే సాధారణంగా అర్థం ఏంటంటే, మీకు ఎప్పుడో ఇది వచ్చి పోయింది. “పోయింది” కూడా పూర్తిగా కాదు, కండరాల్లో, మెదడులో చిన్న తిత్తులుగా నిద్రపోతూనే ఉంటుంది, కానీ ఆ నిద్రపోయేదే మీ రక్షణ వ్యవస్థని మెలకువగా ఉంచుతుంది కాబట్టి కొత్తగా తగిలినా బిడ్డదాకా వెళ్ళే అవకాశం బాగా తక్కువ. భయపడాల్సింది ఇంతవరకు ఎప్పుడూ రాకుండా, మొదటిసారి గర్భంలో ఉండగా వస్తే. ఐజీఎం కూడా పాజిటివ్ వస్తే దానంతట అదే కొత్త ఇన్‌ఫెక్షన్ అని తేల్చదు, ఇన్‌ఫెక్షన్ పాతదా కొత్తదా చెప్పే ఏవిడిటీ పరీక్ష చేయించమంటారు. పిల్లిని బయట వదిలేయక్కర్లేదు, దాని మలం ఎత్తే పని ఇంట్లో ఇంకొకరు చేస్తే చాలు. మటన్ బాగా ఉడకాలి.

నులిపురుగుల మాత్ర వేస్తే వేరే జబ్బు పెరుగుతుందని చదివాను. పిల్లలకి స్కూల్లో ఇచ్చే మాత్ర ఆపించాలా?

ఆపించొద్దు. కానీ మీరు చదివింది గాలివార్త కాదు.

బొలీవియాలో చిమానే అనే అడవి తెగ ప్రజల్లో పురుగులు ఉన్నవాళ్ళకి జియార్డియా తక్కువగా ఉంది, పురుగుల మందు వేశాక జియార్డియా పెరిగే ధోరణి కనిపించింది. పేగు ఒకటే, అక్కడి చోటు కోసం పోటీ ఉంటుంది, ఒకరు ఖాళీ చేస్తే ఇంకొకరు దిగుతారు. దక్షిణాఫ్రికా అడవి గేదెలతో చేసింది ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ రెండోది టీబీ, అది తెచ్చేది పరాన్నజీవి కాదు, బ్యాక్టీరియా, అయినా సంగతి ఒకటే. పురుగుల మందు వేసిన గేదెలకి టీబీ రావడం ఏమీ తగ్గలేదు, కానీ వచ్చాక అవి ఎక్కువకాలం బతికాయి. ఒక్కో గేదెకి మేలు జరిగింది, మందకి మాత్రం టీబీ పాకే అవకాశం పెరిగింది, పరిశోధకుల లెక్కలో దాదాపు ఎనిమిది రెట్లు.

మరి పిల్లలకి ఎందుకు ఇవ్వాలంటే, కొంకి పురుగు వల్ల రక్తం తగ్గడం, తిన్నది ఒంటికి పట్టకపోవడం ఇప్పుడు, ఇక్కడ కళ్ళముందు జరుగుతున్న నష్టం. జియార్డియా రావచ్చన్నది మంచి నీళ్ళతో ఆపగలిగేది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం పేరిట 1 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి ఇచ్చేది ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, రెండేళ్ళలోపు పిల్లలకి సగం మాత్ర. మాత్రతో పాటు నీళ్ళు, మరుగుదొడ్డి బాగుపడకపోతే కొన్ని నెలల్లో పురుగు మళ్ళీ వస్తుంది, ఆ తిట్లు మాత్రకి తగలకూడదు.

బెల్లం, స్వీట్లు తింటే పురుగులు వస్తాయా?

రావు. మట్టిలోని గుడ్లు నోట్లోకి పోతే వస్తాయి, కొంకి పురుగైతే చెప్పుల్లేని కాలి చర్మంలోంచి వస్తుంది.

మా ఊళ్ళో ఆవులకి థైలేరియా వస్తోంది. పశువుల్లో కూడా ఇలా ఒకటి ఇంకోదాన్ని ఆపుతుందా?

ఆపుతుంది, మనుషుల్లోకన్నా అక్కడే రుజువు గట్టిగా ఉంది. పశ్చిమ కెన్యాలో నాటు దూడలని పుట్టినప్పట్నుంచి గమనిస్తే, ప్రాణం తీసే థైలేరియా పార్వా అనే క్రిమి తగిలిన దూడల్లో, అంతకు ముందే లేదా దానితోపాటే తక్కువ హాని చేసే థైలేరియా రకాలు ఉన్నవాటికి ఆ జబ్బుతో చావులు 89 శాతం తగ్గాయి. దగ్గరి చుట్టం ముందే వచ్చి ఒంటికి తర్ఫీదు ఇచ్చినట్టు. మన దగ్గర పిడుదుల ద్వారా సంకర జాతి ఆవులకి వచ్చేది థైలేరియా అన్యులేటా. దానికి టీకా, రక్షావ్యాక్-టీ, తయారయ్యేది హైదరాబాద్ కంపెనీ ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌లో. అదీ బలం తగ్గించిన బతికున్న క్రిమే, అంటే చిన్న ఇన్‌ఫెక్షన్ ఇచ్చి పెద్దదాన్ని ఆపడం.

గొర్రెలకి నట్టల మందు తాపేవాళ్ళకి ఇవి పెద్ద కొత్త మాటలు కావు. కాకపోతే ఒకటి గుర్తుంచుకోండి: పశువుల కాలేయంలో జలగ లాంటి పురుగు ఉంటే టీబీ చర్మ పరీక్ష సరిగా పట్టుకోలేకపోతుందని బ్రిటన్‌లో తేలింది. జబ్బు ఉన్నా పరీక్షలో లేనట్టే కనిపిస్తుంది.

ఇసినోఫిల్స్ ఎక్కువ వచ్చాయి, ఇస్నోఫీలియా అని స్టెరాయిడ్ వాడమన్నారు. దీనికీ పురుగులకీ సంబంధం ఉందా?

ఉండొచ్చు, ఇది అసలు వదలకూడని ప్రశ్న. ఇసినోఫిల్స్ పెరగడానికి అలర్జీ, ఆస్తమా కారణం కావొచ్చు, రాత్రిపూట దగ్గు తెప్పించే ఫైలేరియా రకం కావొచ్చు, పేగు పురుగు కావొచ్చు. జియార్డియా, అమీబా, మలేరియా మాత్రం మామూలుగా వీటిని పెంచవు.

స్ట్రాంజిలాయిడిస్ అని ఒక చిన్న పురుగు ఉంది. మిగతా పేగు పురుగుల్లో చాలావరకు ఒంట్లోనే పుట్టి పెరగలేవు, గుడ్లు బయటికి పోయి తిరిగొస్తేనే కొత్త పురుగు. ఇది మాత్రం లోపలే పిల్లలు పెట్టి, ఆ పిల్లలు మళ్ళీ పేగు గోడలోంచి దూరి, దశాబ్దాలపాటు ఏ బాధా లేకుండా ఉండిపోగలదు. మన రక్షణ వ్యవస్థ దాన్ని అదుపులో ఉంచుతుంది. స్టెరాయిడ్ ఇచ్చి ఆ అదుపు తీసేస్తే పురుగు పిల్లలు వేలల్లో ఒళ్ళంతా తిరుగుతాయి, పేగులోని బ్యాక్టీరియాని వెంటబెట్టుకుని రక్తంలోకి, మెదడు పొరల్లోకి తీసుకెళ్తాయి. ప్రాణాంతకం. అప్పటికి ఇసినోఫిల్స్ తగ్గిపోయి ఉండొచ్చు కూడా, కాబట్టి రిపోర్ట్ బాగుపడిందని సంతోషించడానికి లేదు. స్కూల్లో ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీనికి సరిపోదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. మట్టిలో పనిచేసినవాళ్ళు, ఊరి నుంచి వచ్చినవాళ్ళు పెద్ద మోతాదు స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి, అడిగితే తిట్టరు.

ఒకదానికి మందు వేస్తే ఇంకోటి రెచ్చిపోతుందా?

అలాంటి జతలు ఉన్నాయి. మెదడులో పంది బద్దె పురుగు తిత్తులు ఉన్న సంగతి తెలియని మనిషి నులిపురుగులకని ఆల్బెండజోల్ వేసుకుంటే, తిత్తి చావడం మొదలై చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు. తరచూ జరగదు, కానీ ఇంట్లో ఎవరికైనా ఇదివరకు కారణం తెలియని ఫిట్స్ వచ్చి ఉంటే మాత్ర వేసే ముందే ఆ మాట చెప్పాలి. పంది మాంసం ముట్టనివాళ్ళకి ఇది రాదనుకోవడం పొరపాటు, పేగులో ఆ బద్దె పురుగు ఉన్న మనిషి చేయి కడుక్కోకుండా వండితే శాకాహారికైనా వస్తుంది. ఆఫ్రికాలో కంటి పురుగు లోవా లోవా విపరీతంగా ఉన్నవాళ్ళకి నది గుడ్డితనం అనే ఇంకో పురుగు జబ్బు కోసం ఐవర్‌మెక్టిన్ ఇస్తే కోమాలోకి పోయినవాళ్ళున్నారు. లోవా లోవా మన దగ్గర లేదు.

టీకాల మీద పురుగుల ప్రభావం ఉంటుందా?

కొంత ఉంటుంది. ఈక్వడార్‌లో ఏలిక పాములున్న పిల్లలకి ముందు ఆల్బెండజోల్ ఇచ్చి తర్వాత నోటి కలరా టీకా వేస్తే టీకా బాగా పట్టింది. ఇథియోపియాలో బీసీజీ విషయంలో అలాంటిదే చూశారు. అంతమాత్రాన పిల్లల టీకా తేదీ వాయిదా వేయకండి.

పురుగులు పోయాకే అలర్జీలు పెరిగాయట. కొన్ని పురుగులు ఉంచుకుంటే మంచిదేనా?

ఆలోచన తప్పేమీ కాదు, పురుగు ఇన్‌ఫ్లమేషన్‌ని అణుస్తుందని పైన చెప్పుకున్నదే. దాని మీద ఆశపడి పంది కొరడా పురుగు గుడ్లని పేగు పూతల రోగులకి ఇచ్చి చూశారు కూడా, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బులో పెద్ద ట్రయల్ విఫలమైంది. కొంకి పురుగుల అణువుల్లోంచి మందు తీయాలని ఇంకా ప్రయత్నిస్తున్నారు. ఆన్‌లైన్‌లో పురుగు గుడ్లు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు, డబ్బు దండగ. మన దేశంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉంది, అక్కడ రక్తం తాగే పురుగుని పెంచుకోమనడం నాకైతే ఎగతాళిలా వినిపిస్తుంది.

రెండు ఇన్‌ఫెక్షన్‌లు ఉన్నాయని అనుమానం ఉంటే ఏ పరీక్షలు, ఎలా ఇవ్వాలి?

మల పరీక్షకి ఒక్క శాంపిల్ చాలదు, జియార్డియా, స్ట్రాంజిలాయిడిస్ రోజు విడిచి రోజు కనబడి మాయమవుతుంటాయి కాబట్టి మూడు వేర్వేరు రోజుల్లో ఇవ్వండి. మందు మొదలుపెట్టక ముందే ఇవ్వాలి, మెడికల్ షాపులో అడిగి రెండు మెట్రోనిడజోల్ వేసుకుని ఆ తర్వాత ల్యాబ్‌కి వస్తే అమీబా కనబడదు, పురుగు మిగిలే ఉంటుంది, ఎందుకంటే ఆ మందు పురుగులకి పనిచేయదు. నీళ్ళ విరేచనమైతే డబ్బా వీలైనంత త్వరగా ల్యాబ్‌కి చేర్చండి, ఫ్రిజ్‌లో పెట్టకండి, కదిలే రూపాలు చచ్చిపోతాయి. చలి జ్వరం ఉంటే రక్త స్మియర్ (గాజు పలక మీద రక్తం పూసి చూసే పరీక్ష) జ్వరం ఉన్నప్పుడే, ఒకటి నెగటివ్ వచ్చినా మర్నాడు ఇంకోటి. ఫైలేరియాకి (బోదకాలుకి) స్మియర్ తీసేది రాత్రి పది దాటాక, ఆ పురుగు పిల్లలు పగలు రక్తంలో పైకి రావు. డబ్బు ఇబ్బందైతే ముందు దగ్గర్లోని బస్తీ దవాఖానాకి వెళ్ళండి, జ్వరం తీవ్రంగా ఉంటే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, అదే పాతవాళ్ళు కోరంటి అనేది. అక్కడ చీటీ రాసేటప్పుడు ఈమధ్య ఏ ఊరు వెళ్ళొచ్చారో, ఏ మాత్రలు అప్పటికే మింగారో చెప్పండి.